నాట్లల్ల ఇంగ్లీషు పాట

మొన్న పొద్దుగాల పొయ్యికాడ కూసోని చారుకు చింతపండు పిసుకుతున్న, అవతలి అర్రల మా మనుమరాలు ఫోను ముంగట పెట్టుకొని ఇంగ్లీషు చదువుకుంటంది, చదువుకుంట చదువుకుంట 'డిపెండ్' అని జర ఆగింది, మర్సిపోయిందో ఊపిరి తీసుకుందో తెల్వదు, అంతట్లనే నేను అనాలని అనుకోకముందే నా నోట్లకెల్లి 'ఆను' అని పడ్డది. చింతపండు గిన్నె కింద పెట్టి నేను చేసిన మొదటి పని ఏందంటే, వాకిలి దిక్కు చూసుడు. వాకిట్ల ఎవ్వరు లేరు, కోడి తన పిల్లలను వెంటేసుకొని తిరుగుతంది, అంతే. మనుమరాలు మాత్రం పకపక నవ్వుకుంట వచ్చి, బాపమ్మా నీకు ఇంగ్లీషు ఎట్ల వచ్చే అని నా భుజాలు పట్టి ఊపింది. నవ్వు దానిది, వణుకు నాది. దానికి ఏమని చెప్పాలె?

గందుకే ఇయ్యాల చెప్తున్న. నాకు నా పేరు రాసుడు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కొని చదువుడు తప్ప అక్షరాలు రావు. మా దిక్కు నోళ్లల్ల తెలుగు, బళ్లల్ల మరాఠీ. మా కోడలు నది అవతల మంచిర్యాల దిక్కు పిల్ల, తెలుగు బడిల చదివింది, నేను చెప్తుంటే ఆమె రాస్తంది. నా గొంతు బొంగురు, నడుమ నడుమ తెగిపోతది, ఆమె కలం ఆపి నా మొకం చూస్తది, మళ్ల అందుకుంటది. మా సిరొంచ దిక్కు నా ఈడు మనుషులు ఎవరన్న ఇది చదివించుకొని వింటే, ఆ రోజుల భయం మీకు నేను చెప్పే పని లేదు. తెల్వనోళ్ల కోసమే చెప్తున్న.

అప్పుడు నా గొంతు గిట్ల లేకుండె. ప్రాణహిత ఒడ్డు పొలాలల్ల నాట్లు పడ్డయంటే పాట ఎత్తుకునుడు నా పని, నన్ను కూలికి పిలిచెటోళ్లు నా చేతుల కంటె ముందు నా గొంతును పిలుస్తుండిరి. మీకు ఎరుకే, నాటు పాట ఒక్కరు పాడేది కాదు. ముంగటామె సగం ఎత్తుకుంటది, ఎనుక వరుసలున్నోళ్లు వంగి నారు గుచ్చుకుంట తక్కిన సగం అందుకుంటరు, ఆ అందుకున్న మాట మీదనే చెయ్యి కరిగెట బురదలకు పోతది, ఆ మాట మీదనే బయటికి వస్తది, నడుము నొప్పి ఎటు పోతదో పోతది. మా అత్త ఒక మాట అంటుండె, ఎత్తుకున్న పాటను సగంల ఇడిసిపెట్టద్దు, సగం పాట కరిగెట్ల మిగిలితె నారు తేరుకోదు అని. నిజమో అబద్ధమో, మేమైతె ఎన్నడు సగంల ఆపలే. వాన దంచినా, తేలు కుట్టినా, అందుకునే మాట అందుకున్నంకనే లేసి ఒడ్డుకు పోయేది.

మా ఆయన అప్పటికే లేడు. ఏటపల్లి అడవులల్ల తునికాకు కోతకు పోయి జరం తెచ్చుకొని, ఆ జరంతోనే పోయిండు. కొడుకు చిన్నోడు, బిడ్డ పెద్దది. బిడ్డకు నర్సు చదువు చదవాలని పానం. బారావీ, అంటే పన్నెండో తరగతి, అన్నిట్ల పాసయింది గాని ఇంగ్లీషుల నాపాస్ అయింది. అది పాసైతె తప్ప నర్సు చదువు లేదు, మల్లొక్కసారి రాయనిస్తరు, అప్పుడు గూడ పోతె ఇగ నాతోపాటు కరిగెట్లనే. అది నోరు తెరిచి ఏడువలే, రెండు పూటలు అన్నం తినలే, అంతే. తినని పిల్లను చూసుడు ఏడ్చే పిల్లను చూసుడు కంటె కష్టం.

సిరొంచల టూషన్ చెప్పే సారు దగ్గరికి నేనే తోలుకపోయిన. ముసలాయన, నిమ్మలంగ మాట్లాడుతడు. దాని రాత చూసి, నీ బిడ్డకు పెద్ద మాటలన్నీ వస్తయమ్మా, వాటెంబడి వచ్చే చిన్న మాట కాడనే జారి పడుతంది అన్నడు. నాకు తెలిసేటట్టు చెప్పిండు. మనం ఇంటికి, ఇంట్ల, ఇంటిమీద అంటం, మన చిన్న మాటలు తోకలోలె ఎనుక అంటుకుంటయి, మరాఠీల గూడ అంతే. ఇంగ్లీషుల అవి విడిగ, ముంగట నిలవడతయి. ఏ పనిమాటకు ఏ చిన్న మాట జోడైతదో దానికి సూత్రం వెతికితె దొరకదు, మీ బిడ్డ తెలుగుల అనుకొని, మరాఠీల తిప్పుకొని, ఇంగ్లీషుల పెడుతంది, పెట్టెసరికి జోడు మారిపోతంది, నోటికి పట్టించుడే మందు అన్నడు. నోటికి పట్టించుడంటె నాకు ఇంకొకరు చెప్పాల్నా? బతుకంత చేసింది అదే గద.

అయినా ఆ ఉపాయం నాది గాదు, మా ఆడబిడ్డది. నాట్లు మొదలైనయి, బిడ్డ గూడ నాతోటి కూలికి వస్తుండె, వంగి నారు గుచ్చుకుంట పెదవులల్ల ఏదో సణుగుతుండె. మా ఆడబిడ్డ నోరు మీకు తెల్వది, ఊర్లె ఆమె నోట్ల పడనోళ్లు లేరు. ఏందే కోడలా, మంత్రం నేర్సుతున్నవా, మమ్ముల గూడ జర నేర్పు, మా మొగోళ్ల మీద ఏసి చూస్తం అన్నది. సంగతి ఇదని బిడ్డ చెప్పింది. చెప్తె ఆమె నడుము ఎత్తి, గింతేనా, ఒకటి ఎత్తుకునుడు ఇంకోటి అందుకునుడు, మీ అమ్మ ఎత్తుకుంటది, మేం అందుకుంటం, పెట్టు అన్నది.

గట్ల మొదలైంది. వెయిట్ అని నేను రాగం తీస్తె, ఫారూ అని వరుసంత అందుకునేది. లిజన్ అంటే టూ. డిపెండ్ అంటే ఆనూ. నాకు మొదలు నోరు తిరుగలే, తిరిగినంక ఆగలే. అర్థాలు బిడ్డ చెప్తుండె, చెప్తుంటె మా వాళ్ల నోళ్లు ఊకుంటయా? ఇంగ్లీషోళ్ల మాట ఒంటిగ బజారుకు పోదా ఏంది, ప్రతిదానికి తోడు కావాల్నా అన్నది ఒకామె. లుక్ అనే మాట కాడికి వచ్చినం. ఆఫ్టర్ తోటి పోతె సాకుడంట, ఫర్ తోటి పోతె ఎతుకుడంట, ఎట్ తోటి పోతె ఊకె చూసుడంట. మా ఆడబిడ్డ నారు కట్ట చేతుల పట్టుకొనే, ఇది మంచి ఆడిది కాదు వదినె, పూటకొకని ఎంబడి పోతంది అన్నది. కరిగెట కరిగెటంత నవ్వింది, మా బిడ్డ మొకం ఎర్రగైంది, కాని ఆ మూడు జోళ్లు మాత్రం అది మళ్ల ఎన్నడు మర్సిపోలే. ఇంకోటి నాకు గుర్తున్నది, అఫ్రెయిడ్ అంటే భయపడుడు, దాని జోడు ఆఫ్. ఎవరికి భయపడితె ఏం పెడతరే అని అడిగిన. ఎవరికైనా అదే అవ్వా అన్నది బిడ్డ. పులికి భయపడినా అదే, నీళ్లకు భయపడినా అదే. మంచిగున్నది, భయానికి ఒక్కటే తోడు అనుకున్న.

ఆ రోజులు ఎట్లాంటివో జర చెప్పాలె. అడవి మాకు దూరం లేదు. తుపాకులు పట్టుకొని తిరిగెటోళ్లు రెండు తీర్లు, చీకట్ల అడవిల అన్నలు వస్తరు, ఎండల డ్రెస్సేసుకున్న పోలీసులు వస్తరు. ఎవరు వచ్చినా మంచినీళ్లు అడుగుతరు, ఇంకొకళ్ల సంగతి అడుగుతరు. ఇస్తె ఒక తప్పు, ఇయ్యకుంటె ఒక తప్పు. మా ఊర్లె ఒక పిల్లగాన్ని డ్రెస్సోళ్లు తోవ చూపెట్టమని క్యాంపు దాక తీసుకపోయిన్రు, వాన్ని ఏమనలే, చాయ గూడ పోసి పంపిన్రు. కాని వాడు ఊర్లెకు వచ్చినంక వాని పక్కన ఎవ్వరు కూసోలే. ఏం చెప్పి వచ్చిండో అని ఊరోళ్లకు భయం, ఏం చెప్పి వచ్చిండో అని అడవిలోళ్లు అడుగుతరని వానికి భయం. ఒకనాడు సంచి పట్టుకొని బల్లార్షా దిక్కు పోయిండు, మళ్ల రాలే. గందుకే మాకు ఒకటే నేర్పిన్రు, ఎవరు వచ్చినా తల ఎత్తద్దు, పని ఆపద్దు, కండ్లు కలుపద్దు.

ఆనాడు వాన జర తెరిపిచ్చింది. నది మీదికెల్లి పొగోలె మంచు లేస్తంది, గెట్టు అవతల తుప్పలు నల్లగున్నయి. నేను వరుసకు ముంగటున్న, వాళ్లకు ఎదురుంగ మొకం పెట్టి, తుప్పల దిక్కు వీపు పెట్టి. కొంగలు ఒక్కసారే లేసినయి, నేను పట్టించుకోలే. 'బిలాంగ్' అని గొంతెత్తిన. జవాబు రాలే.

ఎన్నేండ్ల పాటల అట్ల ఎన్నడు కాలే. తల ఎత్తి చూస్తె వరుసంత వంగినకాడ వంగినట్టే ఉన్నది, చేతులు బురదల ఉన్నయి, ఒక్క చెయ్యి కదలలే. నా ఎనుక గెట్టు మీద బూట్ల సప్పుడు. ఎనుకకు తిరిగి చూసె ధైర్యం లేక, మా ఆడబిడ్డ మొకంలనే చూసిన, ఆమె మొకం చూస్తె నా ఎనుక ఏమున్నదో తెలిసిపోయింది.

డ్రెస్సోళ్ల పెద్ద మరాఠీల అడిగిండు, గట్టిగ గూడ అనలే, ఇంట్ల మనిషి అడిగినట్టే అడిగిండు. శానసేపటి నుంచి తుప్పలల్ల నిలవడి వింటున్నరట. ఒక్కతి కేకేస్తంది, కొందరు ఒక చిన్న మాట తిప్పి చెప్తున్నరు, అది తెలుగు గాదు, గోండి గాదు, మరాఠీ గాదు, ఎవరికి సైగ ఇస్తున్నరు, ఏరు అవతల ఎవరున్నరు అన్నడు. నాకు అప్పుడు తెల్వదు, తర్వాత బిడ్డ చెప్పింది, వాళ్లల్ల వాళ్లు చీకట్ల ఎదురుపడితె ఒకరు ఒక మాట అంటరంట, ఇంకొకరు దాని జోడు మాట అనాల్నంట, అంటె మనోడు, అనకుంటె పగోడు. మేం పాడేది అచ్చం గట్లనే ఉన్నది. మా నాటు పాటల వాళ్లకు వాళ్ల భయం వినవడ్డది.

ఊరు అవతలికి వినవడే గొంతు నాది, లోపలికే పోయింది. మా బిడ్డ లేసి నిలవడ్డది. నేను దాని కొంగు పట్టి గుంజిన, అది కొంగు ఇడిపించుకుంది. బురద చేతులు ముంగటికి పెట్టుకొని, సాహెబ్, ఇది ఇంగ్లీషు, నా పరీక్షకు నేర్చుకుంటున్న అని మరాఠీల చెప్పింది. ఆయన దాన్ని కింది నుంచి మీది దాక చూసిండు. పరీక్ష నీది, పాట వీళ్లెందుకు పాడుతున్నరు అన్నడు. పుస్తకమేది అన్నడు. వానల పుస్తకం ఎవరు తెచ్చుకుంటరు, ఇంట్ల ఉన్నది. సరే, క్యాంపుకు నడువు, కూసోని నిమ్మలంగ మాట్లాడుదం, పొద్దుగూకకముందు పంపిస్త అన్నడు.

తిడితె గంత భయపడకపోదును. పంపిస్త అన్నడు చూడు, దానికే భయపడ్డ. ఆ పిల్లగాడు యాదికొచ్చిండు. వానికి గూడ చాయే పోసిన్రు. మొగపిల్లగాడు గనుక బల్లార్షా పోయిండు, మొగదిక్కు లేని ఇంటి ఆడిపిల్ల ఎటు పోవాలె? పరీక్ష గాదు, నర్సు చదువు గాదు, ఊర్లె నీళ్ల బాయికాడ గూడ దానికి జాగ ఉండదు. అది గెట్టు దిక్కు ఒక అడుగు ఏసింది. ఆ అడుగు బురదల పడ్డ సప్పుడు ఇప్పటికి నా చెవులల్ల ఉన్నది.

మరాఠీల అన్ననో తెలుగుల అన్ననో యాదికి లేదు, రెండు కలిపే అన్నట్టున్న.

"సాహెబ్, సగం పాట మడిల ఉన్నది. అది అందుకున్నంక తీసుకపో."

ఆయనకు ఏం అర్థమైందో, చెయ్యి ఎత్తి మా బిడ్డను ఆపిండు. పాడు అన్నడు.

నేను వంగిన. వంగకుంటె నాకు పాట రాదు. నారు చేతుల పట్టుకొని 'బిలాంగ్' అన్న. గాలి తప్ప ఏం రాలే. మల్లొకసారి అన్న, అప్పుడు వచ్చింది, గుడ్డ చినిగినట్టు వచ్చింది, నా గొంతని నాకే అనిపియ్యలే. అందుకునెటోళ్లు లేరు. అందరికి ఇండ్లున్నయి, పిల్లలున్నరు, నేను వాళ్లను ఏమంటా? మూడోసారి ఎత్తుకున్న. వరుస చివరికెల్లి మా ఆడబిడ్డ, ఊరంతటిని ఏడిపిచ్చే మనిషి, సన్నగ, చంటిపిల్లోలె, టూ అన్నది. అన్న మాట మీదనే ఆమె చెయ్యి బురదలకు పోయింది, నారు నిలవడ్డది. పక్కామె చెయ్యి పోయింది. ఇగ ఒకరెంబడి ఒకరు. వెయిట్ అన్న, ఫారూ అన్నరు. డిపెండ్ అన్న, ఆనూ అన్నరు. ఏడ్పు గొంతుతోటే అన్నరు, అయినా చేతులు మాత్రం మాట మీద ఒక్కతీరుగ పడ్డయి, మాట మీద ఒక్కతీరుగ లేసినయి. నేను తల ఎత్తలే. మా ముంగట నారు వరుస మాత్రం పెరుగుకుంట పోయింది.

ఎంతసేపు పాడిననో తెల్వదు. గెట్టు మీద ఒక జవాను, పడుచు గొంతు, తన పెద్దతోటి మరాఠీల నిమ్మలంగ అంటుంటె విన్న: "సాహెబ్, ఇది బారావీ ఇంగ్లీషే. నేను గూడ ఇందులనే నాపాస్ అయిన." ఎవ్వరు నవ్వలే. పెద్దాయన, ఇట్ల బయట పాడకుండ్రి, మేమే కాదు, ఇంకెవరు విన్నా మీకే ముప్పు అన్నడు. బూట్ల సప్పుడు గెట్టు ఎంబడి పోయింది. సప్పుడు పోయినంక గూడ మేం పాట ఆపలే, ఆపితె మళ్ల వస్తరేమో అని. మడి అంచుకు వచ్చి నారు అయిపోయినంకనే ఆగినం. అప్పుడు నేను బురదల కూలబడ్డ. బిడ్డ వచ్చి నా తల తన పొట్టకు అదుముకున్నది.

ఇంటికి పోయెసరికి నా గొంతుల మాట లేదు. తర్వాత కొన్ని దినాలకు వచ్చింది గాని, వచ్చింది ఈ బొంగురు గొంతే. భయంల మీది రాగానికి పోయి గొంతు చిరిగింది అన్నరు. ఏదైతేంది, నాకు పాట అక్కడికే ఆఖరైంది.

కాని నాట్లు ఉన్నయి గద, పరీక్ష ఉన్నది గద. మరునాడు మేం మడిలకు దిగితె ఎవ్వరు పాట ఊసెత్తలే. బిడ్డ నారు కట్ట పట్టుకొని మా ఆడబిడ్డకు అందిచ్చుకుంట పెదవి కదిలీ కదలక 'లుక్' అన్నదంట. ఆమె కట్ట అందుకుంట, ఏమే, ఇయ్యాల ఎవనితోటి పోతందే అది అని చెవిల అడిగిందంట, సాకుడు అని బిడ్డ అంటె, ఆఫ్టర్ అని కట్ట తీసుకున్నదంట. ఇగ అదే తీరు అయింది. కట్ట ఇచ్చెటామె గుసగుసగ పెద్దమాట అంటది, తీసుకునెటామె చిన్నమాట అంటది. దూరంకెల్లి చూసెటోళ్లకు ఆడోళ్లు నారు పంచుకుంటున్నరు అంతే. నాట్లు అయిపోయినంక, కలుపుల గూడ, గట్లనే నోరు మెదపకుండ చదువుకున్నం.

అది పాసయింది. ఇంగ్లీషు పేపర్ల బిలాంగ్ వచ్చిందంట, రాస్తుంటె కలం ఆగిపోయిందంట, జవాబు రాక గాదు, ఆనాటి ఆ సప్పుడు లేని మడి యాదికొచ్చి. ఎనుకకెల్లి మేనత్త టూ అన్నట్టు వినవడ్డంకనే రాసిన అవ్వా అని చెప్పింది. ఇప్పుడు గడ్చిరోలిల దవాఖానల నర్సు, దినాం ఇంగ్లీషులనే రాస్తదట, తప్పు లేకుండ. ఆనాటి సంగతి తోటి నర్సులకు నవ్వులాటగ చెప్తదంట. చెప్పనీ. దానికి అది నవ్వులాట అయిందంటె నాకు సంతోషమే.

మా ఆడబిడ్డ పోయింది. అందుకునెటోళ్లల్ల ఇంకో ఇద్దరో ముగ్గురో ఉన్నరు, వాళ్లకు చెవులు వినవడవు. నది మీద వంతెన పడ్డది, అప్పుడు పడవ కోసం ఒడ్డున నిలవడే మనం ఇప్పుడు చాయ తాగినంతసేపట్ల అవతల ఉంటం. బూట్ల సప్పుడు గూడ మునుపటి లెక్క వినవడదు. నాట్లకు ఆటోల కూలోళ్లు వస్తరు, ఫోను గెట్టు మీద పెడతరు, పాట అది పాడుతది, వీళ్లు వంగి ఏస్తరు, అందుకునే పని ఎవరికి లేదు. మా మనుమరాలికి చిన్నమాట మర్సిపోతె ఫోను చెప్తది. మంచిదే, దానికి ఒకరి మొకం చూడాల్సిన అక్కర లేదు, ఒకరిని ముప్పుల పెట్టాల్సిన అక్కర లేదు. కాని దాని వెనుక వరుస గూడ లేదు.

నిన్న పొద్దుగూకంగ అదే మడి కాడికి పోయిన. నాట్లు అయిపోయినయి, ఎవ్వరు లేరు, నారు పచ్చగ తేరుకున్నది. ఒక్కసారి ఎత్తుకుందం, ఉన్న గొంతుతోటే, అనిపిచ్చింది. గెట్టు మీద నిలవడి నోరు తెరిచిన. తెరిచి, ముందుగాల తుప్పల దిక్కు చూసిన. ఎవ్వరు లేరు. నది దిక్కు చూసిన. ఎవ్వరు లేరు. భయపడెటందుకు ఏమి లేదని కండ్లకు తెలుసు. మళ్ల ఒకసారి తుప్పల దిక్కు చూసి, నోరు మూసుకొని ఇంటికి వచ్చిన.